ఆన్‌లైన్ స్నాతకోత్తర విద్యలో గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు: బోధనాభాష కోణంలో విమర్శ

వ్యాస సంగ్రహం

ఉద్యోగంలో ఉన్న గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు తరగతిని విడవకుండానే పైచదువు చదువుకునే వీలును ఆన్‌లైన్ విద్య కల్పించింది. ఈ చదువు వారికి పట్టాను ఇస్తున్నది. పట్టా వెంట తరగతి గదికి పనికివచ్చే జ్ఞానం ఎంత చేరుతున్నదన్నది వేరే ప్రశ్న. విషయజ్ఞానానికి, బోధనకు అవసరమైన విషయజ్ఞానానికి మధ్యనున్న భేదాన్ని ఈ వ్యాసం ఆధారంగా తీసుకుంటుంది. అందుబాటులో ఉన్న ఆన్‌లైన్ అధ్యయన నమూనాలను ఆ భేదం వెలుగులో పరిశీలిస్తుంది. తెలుగు శాస్త్ర పరిభాషలోని కొన్ని పదాలను విశ్లేషించి, అభ్యాసకుల భాషను పట్టించుకోని స్నాతకోత్తర పాఠ్యక్రమం ఉపాధ్యాయ విద్యగా అసంపూర్ణమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆన్‌లైన్ విద్య, దూరవిద్య, ఉపాధ్యాయ విద్య, శాస్త్ర పరిభాష, గణిత బోధన, తెలుగు మాధ్యమం, క్లిక్స్.

1. ప్రవేశిక

ఉద్యోగం చేస్తూ చదువుకోవడం తెలుగు ఉపాధ్యాయులకు కొత్త కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. తపాలాలో అందే పాఠ్యపుస్తకాలు, ఆదివారాల్లో అధ్యయన కేంద్రాల్లో జరిగే తరగతులు, వేసవిలో పరీక్షలు ఒక తరం ఉపాధ్యాయుల జీవితంలో భాగమయ్యాయి. ఆ తరువాత తపాలా స్థానంలోకి తెర వచ్చింది. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్, 2017 జూలైలో ప్రారంభమైన స్వయం, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన దీక్ష ఈ మార్పులో ప్రధానమైన మజిలీలు. ఉపాధ్యాయులు ప్రతి ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభ్యసనంలో పాల్గొనాలని జాతీయ విద్యావిధానం 2020 నిర్దేశించింది. ఈ గంటల్లో కొంత భాగాన్ని ఆన్‌లైన్ వేదికలే నింపుతున్నాయి.

ఈ మార్పును గురించి సాధారణంగా రెండు రకాల మాటలు వినవస్తాయి. ఒకటి ప్రశంస: దూరం తగ్గింది, ఖర్చు తగ్గింది, మారుమూల ఊరి ఉపాధ్యాయునికి కూడా గొప్ప ఆచార్యుల ఉపన్యాసం అందింది. రెండవది ఫిర్యాదు: నెట్‌వర్క్ అందదు, వీడియోలు చూడకుండానే ధ్రువపత్రాలు వస్తాయి, తోటివారితో మాట లేదు. రెండింటిలోనూ నిజముంది. అయితే రెండూ చదువు చేరే మార్గాన్ని గురించినవే. చేరుతున్న చదువు ఏమిటి, అది ఎవరి తరగతిని దృష్టిలో పెట్టుకుని తయారైంది అన్న ప్రశ్నను రెండూ అడగవు. మార్గం ఎంత సుగమమైనా, తెలుగు మాట్లాడే పిల్లల ముందు నిలబడే ఉపాధ్యాయునికి అక్కరకు రాని సరుకు ఆ మార్గంలో వస్తే ప్రయోజనం పరిమితమే.

2. విషయజ్ఞానం, బోధనకు కావలసిన విషయజ్ఞానం

విషయం తెలిసినవారందరూ దానిని బోధించలేరన్నది అనుభవంలో ఉన్న మాటే. దీనికి సిద్ధాంతరూపం ఇచ్చినవారిలో లీ షుల్మన్ ముఖ్యుడు. ఉపాధ్యాయునికి విషయజ్ఞానం, సాధారణ బోధనాపద్ధతుల జ్ఞానం చాలవని, ఈ రెండూ కలిసిన చోట మరొక ప్రత్యేక జ్ఞానం ఉంటుందని ఆయన 1986లో వాదించాడు. ఒక భావనను ఏ ఉదాహరణతో చెప్పాలి, పిల్లలు ఎక్కడ పొరబడతారు, ఆ పొరపాటు వెనుక ఏ ఆలోచన ఉంది అన్న ఎరుక దాని సారం. దీనిని బోధనానుగుణ విషయజ్ఞానం అనవచ్చు.

లిపింగ్ మా 1999లో ప్రచురించిన గ్రంథం ఈ వాదాన్ని మరొక దారిలో బలపరచింది. అమెరికా, చైనా ప్రాథమిక ఉపాధ్యాయులను పోల్చిన ఆమె, ఒకటీ ముప్పావును అరతో భాగించడం వంటి లెక్కలు ఇచ్చి, దానికి తగిన కథాసమస్యను అల్లమని కోరింది. సాంప్రదాయికంగా చదివిన సంవత్సరాల సంఖ్య తక్కువైన చైనా ఉపాధ్యాయులు ప్రాథమిక గణితాన్ని లోతుగా అర్థం చేసుకున్నారని, పట్టభద్రులైన అమెరికా ఉపాధ్యాయుల్లో అనేకులు తడబడ్డారని ఆమె చూపింది. పట్టా స్థాయికి, బోధించే గణితంపై పట్టుకు నేరుగా సంబంధం లేదన్నది ఆ గ్రంథం మిగిల్చిన పాఠం.

ఇదే లెక్కను తెలుగు తరగతికి తెచ్చి చూడవచ్చు. ఒకటీ ముప్పావు కిలో చక్కెరను అరకిలో పొట్లాలుగా కడితే ఎన్ని పొట్లాలవుతాయి? మూడు పొట్లాలు కట్టగా పావుకిలో మిగులుతుంది. జవాబు మూడుంబావు అని చెప్పే విద్యార్థి తెలివితక్కువవాడు కాడు. అతడు మిగిలిన చక్కెరను కిలోతో పోల్చాడు, పొట్లంతో పోల్చవలసింది. పావుకిలో అంటే అర పొట్లం కనుక జవాబు మూడున్నర. భిన్నాల భాగహారంలో ప్రమాణం మారిపోతుందన్న కీలకమైన విషయం ఈ ఒక్క పొరపాటులో ఉంది. హారాన్ని తలకిందులు చేసి గుణించమనే సూత్రం నేర్చిన ఉపాధ్యాయుడు మూడున్నర అన్న జవాబును ఇవ్వగలడు. మూడుంబావు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేడు. ఆ చెప్పగలగడమే బోధనానుగుణ విషయజ్ఞానం. ఆన్‌లైన్ స్నాతకోత్తర విద్యను కొలవవలసిన గీటురాయి కూడా అదే.

3. అందుబాటులో ఉన్న నమూనాలు

తెలుగు ప్రాంతాల ఉపాధ్యాయునికి తెరిచి ఉన్న దారులను స్థూలంగా మూడుగా విభజించవచ్చు.

మొదటిది విషయ ప్రధానమైన పట్టా. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఎం.ఎస్సీ. చేయడం ఇందులోకి వస్తుంది. ఇక్కడ గణిత ఉపాధ్యాయునికీ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికీ దారి సమానం కాదు. ప్రయోగశాల పని తప్పనిసరైన కార్యక్రమాలను ఆన్‌లైన్‌లో నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నాటి ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లో పేర్కొన్నది. ఫలితంగా గణితానికి తెరుచుకున్న తలుపు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు చాలావరకు మూసుకున్నది. నిబంధన వెనుక ఉన్న జాగ్రత్త సమంజసమైనదే. ప్రయోగం చేయకుండా రసాయనశాస్త్రంలో పట్టా పొందడం హాస్యాస్పదం. అయితే పాఠశాల ఉపాధ్యాయుని విషయంలో ప్రయోగశాల అనగానే విశ్వవిద్యాలయ ప్రయోగశాలే గుర్తుకు రావడంలో ఒక లోపముంది. ఆయన రోజూ వాడవలసినది తన బడిలోని బీకరు, అయస్కాంతం, కటకం, పెరటి మొక్క. వాటితో చేసిన ప్రయోగాలను స్నాతకోత్తర పనిగా లెక్కించే ఏర్పాటు ఉంటే నిబంధన ఉద్దేశమూ నెరవేరుతుంది, ఉపాధ్యాయుని అవసరమూ తీరుతుంది.

గణితానికి తెరుచుకున్న తలుపులోనూ సమస్య లేకపోలేదు. ఎం.ఎస్సీ. గణితంలో సమూహ సిద్ధాంతం, సంస్థితిశాస్త్రం, సంకీర్ణ విశ్లేషణ ఉంటాయి. వీటి విలువను తక్కువ చేయనవసరం లేదు. వలయ సిద్ధాంతం తెలిసిన ఉపాధ్యాయునికి రుణసంఖ్యల గుణకారం ఎందుకు అలా ఉండాలో లోతుగా తెలిసే అవకాశముంది. అయితే ఆ లంకెను పాఠ్యక్రమం చూపదు. ఎనిమిదవ తరగతికి, ఎం.ఎస్సీ.కి మధ్య వంతెన కట్టుకునే బాధ్యత పూర్తిగా అభ్యాసకునిదే అవుతుంది.

రెండవది ఉమ్మడి కోర్సులు. స్వయం, ఎన్‌పీటెల్, దీక్ష వేదికలపై లభించేవి ఇవి. 2020 అక్టోబరు నుంచి దీక్షపై ఆన్‌లైన్‌గా నడిచిన నిష్ఠ శిక్షణ ఈ కోవలోనిదే. పట్టా స్థాయి కాకపోయినా, ఉపాధ్యాయుల ఆన్‌లైన్ అభ్యసనానికి అలవాట్లను స్థిరపరచినది ఈ రకమే. వీడియో, చిన్న పాఠం, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు, ధ్రువపత్రం దీని నిర్మాణం. ఒకే పాఠం లక్షలమందికి చేరాలంటే ఇటువంటి నిర్మాణం అనివార్యమన్న వాదన ఉంది. చేరవలసింది సమాచారమైతే ఆ వాదన నిలుస్తుంది. చేరవలసింది తన తరగతిని తాను చూసుకునే చూపు అయితే నిలవదు. విద్యార్థి పొరపాటును విశ్లేషించే నేర్పును నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోమని పరీక్షించడం ఈత వచ్చునో లేదో కాగితంపై పరీక్షించడం వంటిది.

మూడవది వృత్తి ప్రధానమైన స్నాతకోత్తర అధ్యయనం. అమెరికాలోని మాంటానా స్టేట్ విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల కోసం నడిపే ఎం.ఎస్. కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. అందులో చదువు అధికభాగం ఆన్‌లైన్‌లోనే సాగుతుంది. వేసవిలో విద్యార్థులు ప్రాంగణానికి వచ్చి క్షేత్రస్థాయిలో పనిచేస్తారు. పట్టాకు ముగింపుగా తన తరగతిలోనే ఒక సమస్యను ఎంచుకుని క్రియాత్మక పరిశోధన చేసి సమర్పించాలి. చదువుకు తరగతి ఆటంకం కాక ముడిసరుకు కావడం ఇందులోని విశేషం. భారతదేశంలో ఈ కోవకు దగ్గరగా వచ్చిన ప్రయత్నం క్లిక్స్.

4. క్లిక్స్ ప్రయోగం

టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, టాటా ట్రస్టులు కలిసి 2015లో చేపట్టిన కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్‌కు సంక్షిప్త నామం క్లిక్స్. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలతో పాటు తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఇది నడిచింది. విద్యలో సాంకేతికత వినియోగానికి యునెస్కో ఇచ్చే రాజా హమద్ బిన్ ఈసా అల్ ఖలీఫా పురస్కారం 2017 సంవత్సరానికి దీనికి లభించింది. ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం గణితం, విజ్ఞానశాస్త్రం, ఆంగ్లం విషయాల్లో తయారైన పాఠ్యాంశాలు ఆంగ్లం, హిందీలతో పాటు తెలుగులోనూ రూపొందాయి. ఉపాధ్యాయుల కోసం సాంకేతికతతో కూడిన పర్యాలోచనాత్మక బోధనలో ఒక స్నాతకోత్తర సర్టిఫికెట్ కార్యక్రమాన్ని టాటా సామాజిక విజ్ఞాన సంస్థ నిర్వహించింది. కొంత ముఖాముఖి, కొంత ఆన్‌లైన్, మిగిలినది మొబైల్ బృందాల్లో తోటి ఉపాధ్యాయులతో సంభాషణ దీని తీరు.

ఈ ప్రయోగంలో గుర్తించవలసిన గుణం ఒకటుంది. ఉపాధ్యాయుడు చదివే పాఠం, విద్యార్థి చేసే పాఠం ఇందులో వేర్వేరు లోకాలకు చెందవు. విద్యార్థికి జ్యామితీయ వివేచన అనే పాఠ్యాంశం ఉంటే, ఉపాధ్యాయుని అధ్యయనం ఆ వివేచన ఎలా పెరుగుతుందన్న దాని చుట్టూ తిరుగుతుంది. ఇంటర్నెట్ అందని బడుల్లో పాఠశాల సర్వరుపైనే విద్యార్థుల పాఠ్యాంశాలు నడిచేలా చేయడం కూడా నేల తెలిసిన నిర్ణయం.

జ్యామితీయ వివేచన పాఠ్యాంశానికి ఆధారం డచ్ విద్యావేత్తలు పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే దంపతులు 1957లో ప్రతిపాదించిన స్థాయీ సిద్ధాంతం. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు. తరువాత దాని ధర్మాలను విడివిడిగా గమనిస్తారు. ఆ తరువాతనే ధర్మాల మధ్య సంబంధాలను, ఒక ఆకార వర్గం మరొక వర్గంలో ఎలా ఇముడుతుందో గ్రహిస్తారు. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే అని ఒప్పుకోగలగడం ఈ మూడవ మెట్టుకు గుర్తు. ఈ వాక్యాన్ని తెలుగులో వ్రాయగానే ఇబ్బంది కనిపిస్తుంది. ఈ వ్యాసం లేవనెత్తే ముఖ్యాంశం అక్కడే ఉంది.

5. తెలుగు పదం, గణిత భావన

దీర్ఘచతురస్రం కర్మధారయ సమాసం. దీర్ఘమైన చతురస్రం అని విగ్రహవాక్యం. నల్లకలువ ఒక రకం కలువ అయినట్లే, దీర్ఘచతురస్రం ఒక రకం చతురస్రం కావాలని భాష చెబుతుంది. గణితం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. చతురస్రమే దీర్ఘచతురస్రాల్లో ఒక రకం. భుజాలన్నీ సమానమైన దీర్ఘచతురస్రం పేరు చతురస్రం. భాషను నమ్మిన విద్యార్థి గణితంలో తప్పుతాడు. గణితాన్ని ఒప్పుకున్న విద్యార్థి తన భాష చెప్పినదాన్ని పక్కన పెట్టాలి. ఆంగ్లంలో చదివే పిల్లలకు కూడా చతురస్రం దీర్ఘచతురస్రమని ఒప్పుకోవడం కష్టమే. అయితే స్క్వేర్, రెక్టాంగిల్ అన్న పేర్లు ఒకదానిలో ఒకటి ఇమిడి లేవు. కష్టం చూపుకు సంబంధించినది. తెలుగులో ఆ కష్టానికి సమాసం బలం తోడవుతుంది.

ఈ తారుమారుకు చరిత్ర ఉంది. సంస్కృతంలో చతురస్ర శబ్దానికి నాలుగు కోణాలు గలది అన్నదే అర్థం. శుల్బసూత్రాల్లో చతురస్రానికి సమచతురస్రమని, దీర్ఘచతురస్రానికి దీర్ఘచతురస్రమని వేర్వేరు పేర్లున్నాయి. రెండూ చతురస్రానికి రెండు భేదాలు. అప్పుడు సమాసంలో దోషం లేదు. ఆధునిక తెలుగు పరిభాషలో సమ అన్న విశేషణం జారిపోయి, చతురస్రం ఒక్క స్క్వేరుకే రూఢి అయింది. నాలుగు భుజాల ఆకృతికి చతుర్భుజం అన్న పేరు స్థిరపడింది. విశేషణం జారిన చోట తర్కం తలకిందులైంది. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు రెండు నిమిషాల్లో తరగతిలో చిక్కు విప్పగలడు. పైగా దానిని వర్గీకరణ గురించి ఒక మంచి చర్చగా మలచగలడు. వాన్ హీలే సిద్ధాంతాన్ని ఆంగ్లంలో, ఆంగ్ల ఉదాహరణలతో చదివిన ఉపాధ్యాయునికి ఈ చిక్కు ఉందన్న సూచన కూడా దొరకదు.

తెలుగు ప్రతిసారీ అడ్డుపడుతుందని అనుకోవడం మరొక పొరపాటు. రాంబస్ అన్న పేరు పిల్లలకు ఏమీ చెప్పదు. సమచతుర్భుజం అన్న పేరులోనే నిర్వచనం ఉంది. భుజాలన్నీ సమానం కనుక చతురస్రం కూడా సమచతుర్భుజమేనని తెలుగు విద్యార్థి తేలికగా ఒప్పుకోగలడు. ఒకే పాఠంలో ఒక పదం దారి మూస్తుంది, మరొకటి దారి తెరుస్తుంది. ఏది ఏదో తెలియడం ఉపాధ్యాయ విద్యలో భాగం కావాలి.

భిన్నాల విషయంలో తెలుగు బలం ఇంకా స్పష్టం. మూడింట రెండు వంతులు అన్నప్పుడు తెలుగు ముందు హారాన్ని చెబుతుంది. మొత్తాన్ని మూడు చేశాము, అందులో రెండు తీసుకున్నాము అన్న క్రమం మాటలోనే ఉంది. భిన్నం అంటే ఏమిటో చెప్పే వాక్యమది. తరగతిలో దాని స్థానంలో రెండు బై మూడు అన్న పలుకు వచ్చి చేరింది. వార్తాపత్రికలో మూడింట రెండు వంతుల మెజారిటీ అని చదివి అర్థం చేసుకునే విద్యార్థి, గణితం తరగతిలో రెండు బై మూడును అర్థం లేని గుర్తుగా చూస్తాడు. ఈ రెండూ ఒకటేనని చెప్పేవారు కావాలి. అలాగే మాట్లాడే క్రమంలో మూడు ముందు, వ్రాసే క్రమంలో రెండు పైన ఉండటం వల్ల లవహారాలు తారుమారయ్యే అవకాశాన్ని కూడా ఉపాధ్యాయుడు ముందే ఊహించాలి. అర, పావు, ముప్పావు, వీసం వంటి పదాల సంపద ఇళ్లలో, అంగళ్లలో ఇంకా కొంత మిగిలి ఉంది. దానిని తరగతిలోకి తెచ్చే విధానం గురించి ఏ ఆన్‌లైన్ కోర్సూ ఆంగ్లం నుంచి నేర్పలేదు.

విజ్ఞానశాస్త్రంలో చిక్కులు మరొక రకం. అణువు అంటే మాలిక్యూల్ అని, పరమాణువు అంటే ఆటమ్ అని పాఠ్యపుస్తకం చెబుతుంది. అణుబాంబు, అణువిద్యుత్ కేంద్రం అని పత్రికలు వ్రాస్తాయి. అక్కడ జరిగేది అణువులకు కాదు, పరమాణు కేంద్రకాలకు సంబంధించినది. శక్తి అంటే ఎనర్జీ, సామర్థ్యం అంటే పవర్ అని తొమ్మిదవ తరగతి నేర్పుతుంది. మోటారు సామర్థ్యాన్ని కొలిచే హార్స్‌పవర్‌ను మాత్రం లోకం అశ్వశక్తి అంటుంది. వడి, వేగం రెండు వేరని పుస్తకం పట్టుబడుతుంది. రహదారి పక్కన బోర్డు వేగ పరిమితి అని వడినే సూచిస్తుంది. శ్వాసక్రియ ఊపిరి పీల్చడమూ అవుతుంది, కణంలో ఆహారం నుంచి శక్తి విడుదల కావడమూ అవుతుంది. మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసిస్తాయన్న ప్రచారంలో ఉన్న అపోహను సరిదిద్దాలంటే ఈ రెండర్థాలను ముందు విడదీయాలి.

విద్యార్థుల అపోహలపై అంతర్జాతీయంగా విస్తారమైన పరిశోధన జరిగింది. ఆన్‌లైన్ కోర్సుల్లో ఉపాధ్యాయునికి అందేది ఆ పరిశోధన సారమే. అది విలువైనది. వస్తువు కదలాలంటే బలం ప్రయోగిస్తూనే ఉండాలన్న భావన వంటివి ఏ భాషలో పుట్టిన పిల్లలకైనా ఉంటాయి. కాని పైన చూసిన చిక్కులు తెలుగు పిల్లలవి మాత్రమే. వాటి జాబితా ఏ విదేశీ గ్రంథంలోనూ ఉండదు. దానిని తయారు చేయగలవారు తెలుగు తరగతిలో నిలబడే ఉపాధ్యాయులే. స్నాతకోత్తర అధ్యయనం వారిని ఆ పనికి సిద్ధం చేయాలి.

6. అనువాదం పరిష్కారమా?

భాష సమస్య అనగానే అనువాదం పరిష్కారంగా ముందుకు వస్తుంది. ఎన్‌పీటెల్ ఉపన్యాసాల పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి అనువదించే పని చేపట్టింది. క్లిక్స్ పాఠ్యాంశాలు తెలుగులో వచ్చాయి. ఇవి స్వాగతించదగిన ప్రయత్నాలు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పరిభాష నిర్మాణంలో, పాఠ్యగ్రంథ రచనలో చేసిన కృషి లేకపోతే ఇవి సాధ్యమయ్యేవే కావు.

అయితే అనువాదం పదానికి పదం ఇవ్వగలదు. పదాల మధ్యనున్న సంబంధం మారినప్పుడు ఏం చేయాలో చెప్పదు. ప్రతి స్క్వేరూ రెక్టాంగిలే అన్న వాక్యాన్ని ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే అని తెలిగించడంలో తప్పు లేదు. కాని మూలంలో ఆ వాక్యానికి వివరణ అవసరం లేని చోట తెలుగులో ఒక పేజీ వివరణ కావాలి. ఆ పేజీని వ్రాయడం అనువాదకుని పని కాదు, గ్రంథకర్త పని. ఈ భేదాన్ని తెలుగు గణిత సంప్రదాయం ఆదిలోనే గుర్తించింది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన మూలాన్ని మక్కికి మక్కిగా దించలేదు, తన పాఠకుల కోసం మళ్లీ నిర్మించాడు. శాస్త్రగ్రంథానికి అనుసృజన అవసరమన్న ఎరుక నేటి ఆన్‌లైన్ పాఠ్యరచనకు కూడా మార్గదర్శకమే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఆంగ్లం, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమం ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ప్రవేశించింది, ద్విభాషా పుస్తకాలూ వచ్చాయి. బడి ఆంగ్లంలోకి మారుతున్నప్పుడు ఉపాధ్యాయ విద్యలో తెలుగు గురించి ఆలోచించడం వెనుకకు నడవడం కాదా? పైగా స్నాతకోత్తర స్థాయిలో ప్రపంచ పరిశోధన ఆంగ్లంలోనే ఉంది. దానికి దూరమైన ఉపాధ్యాయుడు నష్టపోడా?

రెండవ మాటను పూర్తిగా అంగీకరించాలి. ఆంగ్లంలో చదవగల శక్తి ఉపాధ్యాయునికి కావాలి. ఆంగ్ల గ్రంథాలను తొలగించమని ఈ వ్యాసం కోరడం లేదు. మొదటి మాట మాత్రం ఆక్షేపించినవారి వాదాన్నే బలహీనపరుస్తుంది. ద్విభాషా పుస్తకంలో రెక్టాంగిల్ ఒక పేజీలో, దీర్ఘచతురస్రం ఎదుటి పేజీలో ఉంటాయి. రెండు పేజీల మధ్య ఉన్నది ఉపాధ్యాయుడు. విద్యార్థి ఆంగ్ల పేజీని చదివి తెలుగులో ఆలోచిస్తాడు, తెలుగులో అడుగుతాడు. రెండు భాషలూ ఒకే తరగతిలో పనిచేస్తున్నప్పుడు వాటి తేడాల గురించిన జ్ఞానం తగ్గించదగినది కాదు, గతంలోకంటే ఎక్కువ అవసరమైనది.

7. సంభాషణ, మూల్యాంకనం

దూరవిద్యలో అసలు దూరం భౌగోళికం కాదని మైకేల్ మూర్ ట్రాన్సాక్షనల్ డిస్టెన్స్ సిద్ధాంతంలో వివరించాడు. బోధకునికీ అభ్యాసకునికీ మధ్య అవగాహనలో ఏర్పడే ఎడమే ఆ దూరం. సంభాషణ పెరిగితే అది తగ్గుతుంది, పాఠ్యనిర్మాణం బిగుసుకుంటే పెరుగుతుంది. ఈ సూత్రాన్ని తెలుగు ఉపాధ్యాయునికి అన్వయిస్తే మరొక విషయం తోస్తుంది. సంభాషణ ఏ భాషలో అన్నది కూడా దూరాన్ని నిర్ణయిస్తుంది. ఆంగ్ల చర్చావేదికలో రెండు వాక్యాలు వ్రాయడానికి జంకే ఉపాధ్యాయుడు తోటివారి మొబైల్ బృందంలో తన తరగతి గురించి తెలుగులో పేజీలకొద్దీ చెప్పగలడు. ఆ మాటల్లో నిజమైన పరిశీలన ఉంటుంది. కాని మూల్యాంకనంలో లెక్కకు వచ్చేది మొదటిదే. రెండవది కొత్త సందేశాల కింద కప్పబడిపోతుంది.

ఇది సాంకేతిక సమస్య కాదు, విలువలకు సంబంధించిన సమస్య. ఉపాధ్యాయుని అనుభవం జ్ఞానంగా పరిగణన పొందాలంటే దానిని నమోదు చేసే రూపం, పరిశీలించే పెద్దలు, ప్రచురించే చోటు ఉండాలి. స్నాతకోత్తర విద్య ఇవ్వవలసింది ఈ మూడింటినే. తన తరగతిలో పదిమంది విద్యార్థుల భిన్నాల పొరపాట్లను సేకరించి, వారి మాటల్లోనే నమోదు చేసి, కారణాలను విశ్లేషించిన ముప్పై పేజీల తెలుగు నివేదిక ఒక ఎం.ఎస్సీ. పరీక్షాపత్రం కంటే ఉపాధ్యాయుని ఎక్కువగా పరీక్షిస్తుంది. అటువంటి నివేదికలు వందలుగా చేరితే తెలుగు గణిత బోధనకు ఇంతవరకు లేని ఆధార సాహిత్యం ఏర్పడుతుంది.

8. ముగింపు

పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

ఒకటి, ఆన్‌లైన్ విద్య ఉపాధ్యాయునికి చదువును దగ్గర చేసిందన్నది వాస్తవం. కాని విషయ ప్రధానమైన పట్టాలు, బహుళైచ్ఛిక ప్రశ్నలతో ముగిసే కోర్సులు బోధనానుగుణ విషయజ్ఞానాన్ని పెంచడానికి చాలవు.

రెండు, తరగతినే అధ్యయన వస్తువుగా తీసుకునే నమూనాలు మెరుగైనవి. మాంటానా కార్యక్రమంలోని క్రియాత్మక పరిశోధన, క్లిక్స్‌లో ఉపాధ్యాయ, విద్యార్థి పాఠాల అనుసంధానం ఇందుకు ఉదాహరణలు. విజ్ఞానశాస్త్రాల్లో పాఠశాల ప్రయోగశాలనే స్నాతకోత్తర పనికి వేదికగా గుర్తించడం ప్రస్తుత నిబంధనల వల్ల కలిగిన అసమానతను కొంత తగ్గించగలదు.

మూడు, ఈ మెరుగైన నమూనాలు కూడా తెలుగు తరగతికి వచ్చేసరికి అనువాదంతో ఆగిపోరాదు. దీర్ఘచతురస్రం, అణువు, శక్తి, శ్వాసక్రియ, మూడింట రెండు వంటి పదాలను బోధన దృష్టితో విశ్లేషించే ఒక ప్రత్యేక పాఠ్యాంశం తెలుగు ప్రాంతాల్లో నడిచే ప్రతి గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయ స్నాతకోత్తర కార్యక్రమంలోనూ ఉండాలి. దానిని రూపొందించడానికి గణితజ్ఞులు, శాస్త్రవేత్తలు, భాషావేత్తలు, పాఠశాల ఉపాధ్యాయులు కలిసి కూర్చోవాలి. భాషాశాస్త్ర శాఖల్లో పరిభాషపై జరిగే పరిశోధన, విద్యాశాఖల్లో బోధనపై జరిగే పరిశోధన ఒకదానికొకటి పరిచయం లేకుండా సాగినంతకాలం ఈ పాఠ్యాంశం పుట్టదు.

మూడుంబావు అన్న జవాబును కొట్టివేసి మూడున్నర అని దిద్దడానికి ఏ పట్టా అవసరం లేదు. ఆ విద్యార్థి ఏమనుకుని అలా చెప్పాడో అతని మాటల్లోనే విని, అక్కడినుంచి అతనిని ముందుకు నడిపించడానికి పైచదువు కావాలి. ఆన్‌లైన్ స్నాతకోత్తర విద్య ఆ శక్తిని ఉపాధ్యాయునికి ఇవ్వగలిగినప్పుడే, రోజంతా బడిలో పనిచేసి రాత్రి తెర ముందు కూర్చునే అతని శ్రమకు న్యాయం జరుగుతుంది.